రౌతు కొద్దీ గుఱ్ఱము

రౌతు కొద్దీ గుఱ్ఱమని సామెత. స్వారిలో ఒకసారి పడి, మరల అడ్డుకఱ్ఱ నెదుర్కొనవలసిన వానికి ఈ మాటలోని సత్యము తెలిసినంతగా ఇతరులకు తెలియదు. గాయములు మానును; ఎముకలు అతుకుకొనును. కాని మైదానములో కఱ్ఱ కనబడగానే చేయి తనంతట తానే పగ్గములను బిగించును. కష్టమంతయు ఆ బిగింపులో నున్నది.

పగ్గముల కొసనున్న కళ్ళెము గుఱ్ఱపు నోటిలో నుండును. దుముకునపుడు గుఱ్ఱము మెడ ముందునకు చాపి తూకము నిలుపుకొనును. ఆ క్షణమున రౌతు జడిసి వెనుకకు లాగినచో దానికి మెడ చాపుటకు వీలుండదు, నోరును నొచ్చును. ఇట్లు కొన్నిమారులు జరిగినచో, గంతన్న నొప్పియేయని గుఱ్ఱము నేర్చుకొని అడ్డుముందు నిలిచిపోవును. అది మొండితనమని తలచి రౌతు మరింత జడియును. భయము ఈ విధముగా ఒకరినుండి యొకరికి ప్రాకును.

2009లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన యొకటి దీనిని బలపరచుచున్నది. గుఱ్ఱము ప్రక్కకు వచ్చినపుడు గొడుగు తెఱవబడునని రౌతులకు ముందుగా చెప్పిరి. గొడుగు తెఱవనే లేదు. అయినను రౌతుల గుండె వేగము హెచ్చెను. దానితోపాటు గుఱ్ఱముల గుండె వేగమును హెచ్చెను.

ఈ చిక్కు పూర్వులకును తెలియును. గుఱ్ఱము దుముకునపుడు దాని జూలు పట్టుకొనుట మేలని, అట్లయిన నేల కష్టమునకు కళ్ళెపు బాధ తోడు కాదని క్రీస్తుపూర్వము నాలుగవ శతాబ్దిలో గ్రీకు రచయిత జెనొఫన్ వ్రాసెను. అయినను పందొమ్మిదవ శతాబ్దము చివరివరకు ఐరోపా రౌతులు గంతులో వెనుకకు వాలుచునే యుండిరి. ఇటలీ అశ్విక సైన్యాధికారి ఫెడెరికో కాప్రిల్లి (1868–1907) ఆ పద్ధతిని మార్చెను. రౌతు ముందునకు వంగి, గుఱ్ఱపు కదలికను వెంబడింపవలెనని ఆయన బోధించెను. అంతటివాడును గుఱ్ఱముమీదినుండి పడియే మరణించెను. కనుక పడిన రౌతు భయము పిరికితనము కాదు. దానికి కారణము కలదు.

అట్టివాడు మొదట ఎత్తును గెలువ జూడరాదు. కఱ్ఱలను సుమారు 4½ అడుగుల ఎడముతో నేలమీదనే పరచి, గుఱ్ఱమును చిన్న పరుగున వానిమీదుగా పోనీయవలెను. ఆ అడుగుల లయ శరీరమునకు పట్టుపడిన పిమ్మట, రెండు కఱ్ఱలను గుణకారపు గుర్తువలె తక్కువ ఎత్తున నిలుపుదురు. నడుమ పల్లముగా నుండుటచే గుఱ్ఱము అచటికే మొగ్గును. రౌతు చూపు కఱ్ఱమీద గాక ఆవలి చెట్టుమీద నుండవలెను. చూపు దిగినచో తలయు దిగును. అడుగులను పైకి లెక్కించుచు పోయినచో ఊపిరి బిగబట్టుట కుదరదు. చేతిమీద నమ్మకము లేనిచో గుఱ్ఱపు మెడకు తోలుపట్టీ కట్టి దానిని పట్టుకొనవచ్చును. గంతు చక్కగా కుదిరిన చోటనే ఆనాటి పాఠము ముగింపవలెను.

రౌతు భయము గుఱ్ఱమునకు చేరినట్లే, గుఱ్ఱపు ధైర్యమును రౌతునకు అక్కఱకు వచ్చును. 1956లో ఒలింపిక్ క్రీడలు మెల్‌బోర్న్‌లో జరిగినను, ఆస్ట్రేలియా పశునిర్బంధ నియమములవలన అశ్వపు పోటీలు స్టాక్‌హోమ్‌లో జరిగెను. అందు మొదటి ఆవృత్తి ముగియవచ్చు వేళ జర్మను రౌతు హాన్స్ గుంటర్ వింక్లర్ గజ్జలలోని కండరము చినిగెను. రెండవ ఆవృత్తిలో ఆయన బాధతో జీనుమీద నిలుచుటే కష్టమయ్యెను. హల్లా యను ఆయన గుఱ్ఱము ఒక్క కఱ్ఱయు పడవేయక అడ్డులన్నియు దాటెను, స్వర్ణపతకము ఆయనదయ్యెను. కొన్నేండ్ల సహవాసములో కూడిన నమ్మిక ఒక్కనాడు ఫలించినది.

నల్లబల్లముందు ఒకసారి నవ్వులపాలైన బాలునకును, పడిన రౌతునకును భేద మంతగా లేదు. భయపడవద్దని చెప్పినంత మాత్రమున ఇద్దఱిలో ఎవ్వరికిని భయము పోదు. కఱ్ఱను నేలకు దించి, మరల జేనెడు జేనెడుగా పైకెత్తు గురువు ఇద్దఱికిని కావలెను.