గాలి తుపాకి ట్రిగ్గరు – దాని సవరణ

తిరునాళ్ళలో రంగు బుడగల అంగడిని చూడనివారు మన చంద్రగిరి, తిరుపతి ప్రాంతములలో అరుదు. పలకపై వరుసలుగా కట్టిన బుడగలు. వాటికి రెండు బారల దూరమున ఒక బల్ల. బల్లపై గాలి తుపాకి. డబ్బు చెల్లించిన కుర్రవాడు ఒక కన్ను మూసి, గురి చక్కగా కుదిరినదనుకొని వ్రేలితో ట్రిగ్గరును లాగును. బుడగ పగులదు. సీసపు గుండు రెండు బుడగల నడుమ పలకకు తగులును. “తుపాకి గొట్టము వంకర” అని నవ్వుచు అతడు వెళ్ళిపోవును.

గొట్టము వంకరయై ఉండవచ్చును. కాని పలుమారు దోషము ట్రిగ్గరుది. బిగువైన ట్రిగ్గరును కదల్చుటకు వ్రేలితోపాటు అరచేయి, మణికట్టు కూడ బిగుసుకొనును. ఆ క్షణముననే తుపాకి మొన ప్రక్కకు జరుగును. అట్లయిన ట్రిగ్గరును వీలైనంత తేలిక చేసిన చాలునా? చాలదు సరికదా, అది ప్రమాదము. ఎందుచేతనో తెలిసికొనవలెనన్న ట్రిగ్గరు పనిచేయు తీరును ముందు తెలిసికొనవలెను.

వెంట్రుకవాసి తప్పు

గాలి తుపాకి పోటీ 1984 నుండి ఒలింపిక్ క్రీడలలో కలదు. గురి దూరము 10 మీటర్లు. గుండు వ్యాసము 4.5 మిల్లీమీటర్లు. గురిపటము నడుమ పది పాయింట్ల చుక్క వ్యాసము అర మిల్లీమీటరు మాత్రమే. అక్కడినుండి ఒక్కొక్క వలయము దాటునప్పుడు 2.5 మిల్లీమీటర్లకు ఒక పాయింటు తగ్గును.

తుపాకిపై ముందు వెనుకల గురిసాధనముల నడుమ దూరము 80 సెంటీమీటర్లు అనుకొందము. 10 మీటర్లు దీనికి పన్నెండున్నర రెట్లు. కనుక ముందు మొన 0.2 మిల్లీమీటరు ప్రక్కకు జరిగినచో గుండు 0.2 × 12.5 = 2.5 మిల్లీమీటర్లు ప్రక్కకు పోవును. అనగా ఒక పాయింటు నష్టము.

ఒక్క పాయింటే గదా అనరాదు. 2012 జూలై 30న లండన్ ఒలింపిక్ క్రీడలలో హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ ఈ పోటీలోనే 701.1 పాయింట్లతో కంచు పతకము గెలిచెను. వెండి పతకమునకు వచ్చినవి 701.5, బంగారు పతకమునకు 702.1. డెబ్బది గుండ్లు కాల్చిన పిమ్మట బంగారమునకు, కంచునకు గల తేడా ఒక్క పాయింటు. మన లెక్కలో అది ఒకే ఒక గుండు వేళ మొన 0.2 మిల్లీమీటరు కదలుటతో సమానము.

గడియ, తలుపు, తులాదండము

విజయనగర రాజు వేంకటపతిరాయలు (1586–1614) చంద్రగిరిని రాజధానిగా చేసికొన్న కాలమున మన దేశమున వాడుకలోనున్నవి వత్తి తుపాకులు. మీటను లాగగా, వెలుగుచున్న వత్తి వంగి మందును తాకెడిది. ఆ మీట దేనిని ఆపి ఉంచనక్కరలేదు. వత్తిని త్రిప్పిన చాలును. గాలి తుపాకిలో పని వేరు. గొట్టమును క్రిందికి వంచునప్పుడు లోపలి ముషలకము వెనుకకు జరిగి బలమైన స్ప్రింగును నొక్కును. అది ముందుకు దూకకుండ ఒక చిన్న ఉక్కు కొక్కెము దానిని పట్టుకొని ఉండును. దీనినే తుపాకులవారు ‘సియర్’ అందురు. ట్రిగ్గరు చేయు పని ఈ కొక్కెమును ప్రక్కకు జరుపుట. కొక్కెము తప్పుకొనగానే ముషలకము దూకి గాలిని నొక్కును. ఆ గాలి గుండును తోయును.

తలుపుకు గడియ వేసి, బయటినుండి ఒకరిని నెట్టుమనుడు. లోపలినుండి గడియను తీయ ప్రయత్నింపుడు. మామూలుగా సులభముగ జారు గడియ ఇప్పుడు కదలదు. తలుపు ఎంత బలముతో నొక్కిన గడియపై ఘర్షణ అంత హెచ్చు. తుపాకి కొక్కెము స్థితియు ఇదియే.

ముషలకము కొక్కెమును 50 కిలోగ్రాముల బలముతో నొక్కుచున్నదనుకొందము. నునుపు చేసి గ్రీజు పూసిన ఉక్కుపై ఉక్కు జారునప్పుడు ఘర్షణ గుణకము సుమారు 0.1. కనుక కొక్కెమును జరుపుటకు 5 కిలోగ్రాముల బలము కావలెను. ఇది వ్రేలికి మిక్కిలి ఎక్కువ. అందుచేత నడుమ తులాదండములను అమర్చుదురు. వ్రేలివైపు భుజము కొక్కెమువైపు భుజమునకు పది రెట్లుండినచో 500 గ్రాముల బలము చాలును.

అయితే తులాదండము ఏదియు ఉచితముగా ఇయ్యదు. బలము పదోవంతుకు తగ్గినచో, కదలవలసిన దూరము పది రెట్లు పెరుగును. కొక్కెము ముషలకమును అర మిల్లీమీటరు మేర పట్టియున్నచో వ్రేలు 5 మిల్లీమీటర్లు నడువవలెను. అంతదూరము ఒకే బిగువుతో లాగుచు గురి చెదరకుండ నిలుచుట కష్టము. పట్టును 0.1 మిల్లీమీటరుకు తగ్గించినచో వ్రేలి నడక 1 మిల్లీమీటరే. కాని అంత సన్నని పట్టు మీద స్ప్రింగు బలమంతయు నిలిచియుండగా, తుపాకి నేలకు తగిలిన, అంచు కొంచెమరిగిన, కొక్కెము తానే జారును. చక్కని గురికి పట్టు తక్కువ కావలెను. భద్రతకు పట్టు ఎక్కువ కావలెను. ట్రిగ్గరు సవరణలోని చిక్కంతయు ఇదే.

రెండు మెట్ల ఉపాయము

ఈ చిక్కును విప్పునది రెండు మెట్ల ట్రిగ్గరు. విశ్రాంతిలో కొక్కెము అర మిల్లీమీటరు పట్టుతో భద్రముగా ఉండును. గురి చూచుచు వ్రేలు ట్రిగ్గరును కొంత దూరము మెల్లగా లాగును. ఇది మొదటి మెట్టు. ఇందులో పట్టు 0.5 నుండి 0.1 మిల్లీమీటరు వరకు తగ్గును. అక్కడ ట్రిగ్గరులోని రెండవ ఆధారబిందువు తగిలి, వ్రేలికి ఒక గోడ తగిలినట్లు స్పష్టముగా తెలియును. గురి కుదరనిచో వ్రేలిని వదలవచ్చును. కొక్కెము తిరిగి పూర్తి పట్టులోనికి పోవును. గురి కుదిరినచో మరికొంత ఒత్తిడి చాలును. ఇది రెండవ మెట్టు, గుండు వెడలును. అనగా పట్టు సన్నగిల్లునది మనము కాల్చనెంచిన ఆ కొద్ది క్షణములు మాత్రమే.

నేటి పోటీ తుపాకులలో ముందుగనే నొక్కి నింపిన గాలి సిలిండరు ఉండును. వాటిలో కొక్కెము ఒక చిన్న సుత్తిని మాత్రమే ఆపవలెను గాన ట్రిగ్గరు బరువును కొన్ని పదుల గ్రాములకు తగ్గింపవచ్చును. అంతర్జాతీయ నియమములు గాలి రైఫిలుకు కనీసపు బరువు విధింపలేదు. గాలి పిస్తోలుకు మాత్రము 500 గ్రాములకు తక్కువ ఉండరాదు.

సవరించు విధము

సవరణకు వీలున్న తుపాకిలో సాధారణముగా నాలుగు మరమేకులుండును: మొదటిది లాగుడు బరువునకు, రెండవది మొదటి మెట్టు పొడవునకు, మూడవది కొక్కెము పట్టునకు, నాలుగవది గుండు వెడలిన పిమ్మట ట్రిగ్గరు ఇంకను వెనుకకు పోకుండ ఆపుటకు. ఏది ఎక్కడ ఉన్నదో తయారీదారు పుస్తకమును చూచి గుర్తింపవలెను. పోల్చుకొనలేనిచో ముట్టరాదు.

మరమేకును త్రిప్పునప్పుడు తుపాకిలో గుండు ఉండరాదు. స్ప్రింగు నొక్కబడి ఉండరాదు. ముందు లాగుడు బరువును కొలువవలెను. తుపాకిని నిలువుగా పట్టి, ట్రిగ్గరునకు దారము కట్టి, దానికి తూకపురాళ్ళను ఒక్కొక్కటిగా తగిలింపవలెను. స్ప్రింగు నొక్కి ఉన్నప్పుడే ఇది సరిగా తెలియును గాన, ఈ పని గురిశాలలో, మొనను సురక్షితమైన వైపునకు త్రిప్పి, శిక్షకుని సమక్షమున మాత్రమే చేయవలెను. స్ప్రింగు తుపాకిని గుండు లేకుండ కాల్చరాదు. ఎదుట అడ్డు లేనందున ముషలకము గది చివరను కొట్టుకొని చెడును.

మొదట బరువు మరమేకునే ఒక పావు చుట్టు త్రిప్పి, పది గుండ్లు కాల్చి చూడవలెను. ఇంతతో తృప్తి కలిగినచో తక్కినవానిని కదల్పరాదు. కొక్కెము పట్టును తగ్గింపవలసివచ్చినచో, ప్రతి పావు చుట్టు పిదప పరీక్ష చేయవలెను. నొక్కిన స్ప్రింగుతో తుపాకి మొనను గుండ్లనాపు ఇసుకవైపు ఉంచి, కర్రభాగమును రబ్బరు సుత్తితో నాలుగు వైపుల తట్టవలెను. ఒక్కమారు జారినను పట్టు చాలదని అర్థము. వెంటనే వెనుకకు త్రిప్పవలెను. కొక్కెము అంచును ఆకురాయితో అరగదీయుట ఎన్నడును తగదు. ఉక్కుపై గట్టిచేసిన పొర పలుచనిది. అది పోయిన పిదప అంచు వేగముగ అరిగి, ఈనాడు నిలిచిన కొక్కెము రేపు జారును.

గొట్టమును వంచి గుండు పెట్టునప్పుడు కొక్కెము జారినచో, గొట్టము ఒక్క విసురుతో పైకి లేచి వ్రేళ్ళను నలుగగొట్టును. కావున గుండు పెట్టుచున్నంతసేపు రెండవ చేతితో గొట్టమును గట్టిగా పట్టియే ఉంచవలెను.

బడిలో చేయదగిన ప్రయోగము

దీనికి తుపాకి అక్కరలేదు. 30 సెంటీమీటర్ల చెక్క స్కేలుకు 2.5 సెంటీమీటర్ల గీత వద్ద రంధ్రము చేసి, బల్లపై పరచి మేకుతో అమర్చుడు. స్కేలు స్వేచ్ఛగా తిరుగవలెను. సున్న గీత వద్దను, 27.5 గీత వద్దను ఒక్కొక్క స్ప్రింగు త్రాసు తగిలించి, రెంటిని ఒకే వైపునకు లాగుడు. స్కేలు కదలక నిలిచినప్పుడు చిన్న భుజమున 1000 గ్రాములు చూపినచో పెద్ద భుజమున సుమారు 100 గ్రాములు చూపును. తరువాత చిన్న కొనను 1 మిల్లీమీటరు కదల్చి, పెద్ద భుజమున 27.5 గీత ఎంత జరిగినదో కొలువుడు. బలమున ఏమి లాభమో, దూరమున ఏమి వెచ్చమో విద్యార్థి కన్నులారా చూడగలడు.

మేకును 5 గీత వద్దకు మార్చి మరల లెక్కింపుడు. అంకెలు మారును; బలమును దూరముతో గుణింపగా వచ్చు ఫలితము మాత్రము రెండు వైపుల సమానముగనే ఉండును. తిరునాళ్ళ తుపాకికైనను, ఒలింపిక్ తుపాకికైనను ట్రిగ్గరును సవరించువాడు ఈ లెక్కను దాటిపోలేడు.