చేపల మేతలో వెల్లుల్లి, పసుపు

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో చేపలు రెండు విధములుగా పెరుగుచున్నవి. నైజాము కాలపు శామీర్‌పేట పెద్దచెరువు వంటి జలాశయములలో విడిచిన బొచ్చె, రోహు, మృగాల పిల్లలు నీట సహజముగా పుట్టెడు సూక్ష్మజీవులను, నాచును, కుళ్లిన ఆకులలములను తిని ఎదుగును. అంతటి విశాలజలమున మసాలా కలిపిన మేతను చల్లుట వృథావ్యయము. పొలములలో త్రవ్విన చిన్న కుంటలలో తవుడు, వేరుసెనగ చెక్క, గుళికల మేత వేసి పెంచువారికే ఈ ప్రసంగము ఉపయోగపడును.

ఇరుకైన కుంటలో చేపలు కిక్కిరిసి, నీరు చెడినప్పుడు ఏరోమోనాస్ హైడ్రోఫిలా అను బాక్టీరియా విజృంభించి, వాని దేహమున రక్తపు మచ్చలను, వ్రణములను పుట్టించును. మేతలో యాంటీబయాటిక్ కలుపుట సులభోపాయముగా తోచును గాని, ఆ మందు పదేపదే తగిలిన బాక్టీరియా క్రమముగా దానికి లొంగక నిలుచును. ఈ పరిసరముల వారికి ఆ ప్రమాదము దూరపు మాట కాదు: పటాన్‌చెరు సమీపమున ఔషధ కర్మాగారముల వ్యర్థజలమును శుద్ధిచేసి విడిచిన నీటియందు సైతము లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అను యాంటీబయాటిక్ కలదని 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కావున రోగము రాకమునుపే చేప దేహబలమును పెంచు ద్రవ్యములను వెదకుట అత్యావశ్యకమని నా దృఢవిశ్వాసము.

వానిలో వెల్లుల్లి ముఖ్యమైనది. దాని ఘాటునకు మూలమైన అల్లిసిన్ చెక్కుచెదరని రేకులో ఉండదు. రేకు నలిగినప్పుడు, కణములలో వేరువేరుగా నున్న అల్లీన్ అను పదార్థమును, అల్లినేజ్ అను ఎంజైమును కలిసికొనుటచే అది అప్పటికప్పుడు జనించును. ఆ ఎంజైము వేడికి నశించును. అందుచేత వెల్లుల్లిని తవుడుతోబాటు ఉడికించినచో దాని శక్తి చాలవరకు పోవును; పచ్చిగా దంచి, కొంతసేపు ఉంచి, చల్లారిన మేతకు కొద్ది నూనెతో పట్టించి, ఆనాడే వేయవలయును. నూనె పూత లేనిచో సారము చేప నోటికి అందకమునుపే నీటిపాలగును. భువనేశ్వరములోని కేంద్రీయ మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు రోహు చేపలకు కిలో మేతకు 1, 5, 10 గ్రాముల వంతున 60 దినములు వెల్లుల్లి పెట్టి, పిమ్మట ఏరోమోనాస్ సోకించి చూడగా, వెల్లుల్లి తిన్నవానిలో రోగనిరోధకశక్తి హెచ్చి, మరణములు తగ్గినట్లు 2007లో తెలిపిరి.

పసుపు సంగతి కొంత చిక్కైనది. రోహు, బొచ్చెలకు జఠరము లేదు; ఆహారము నేరుగా పొడవైన ప్రేగులోనికి చేరుటచే జీర్ణభారమంతయు పైత్యరస, క్లోమరసముల మీదనే పడును. పైత్యరసమును ప్రేరేపించు గుణము పసుపునకు గలదు గాని, దానిలోని కర్‌క్యుమిన్ నీట కరగదు, రక్తమునకు అంతంతమాత్రమే చేరును. మిరియాలలోని పైపెరిన్ తోడైనచో మనుష్యులలో ఆ గ్రహణము ఇరువది రెట్లగునని బెంగుళూరు శాస్త్రజ్ఞులు 1998లో కనుగొనిరి. ఆ లెక్కను చేపలకు యథాతథముగా అన్వయింపరాదు.

ఈ దినుసుల మోతాదు మించినచో ఘాటునకు చేప మేతనే విడుచును. అన్ని చిక్కులకును ఇవి మందు కావు: తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచున్నచో అది ప్రాణవాయువు కొరత. అప్పుడు ఏ దినుసును కలుపక, మేత నిలిపి, క్రొత్తనీరు పెట్టవలయును.