వెబ్‌సైటుకు అద్దె ఇల్లు

స్విట్జర్లాండులో జెనీవా నగరం పక్కన సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది. 1990లో అక్కడ టిమ్ బెర్నర్స్-లీ అనే శాస్త్రజ్ఞుని బల్లమీద నల్లని కంప్యూటరు ఒకటి ఉండేది. దానికి ఒక చీటీ అంటించి ఉండేది. "ఈ యంత్రం సర్వరు, దీన్ని ఆపవద్దు" అని ఆ చీటీమీద ఎర్ర సిరాతో రాసి ఉంది. ఎందుకంటారా? ప్రపంచంలో మొట్టమొదటి వెబ్‌సైటు ఆ కంప్యూటరులోనే ఉండేది మరి! ఎవరైనా పొరపాటున దాని స్విచ్చి ఆపేస్తే ప్రపంచంలోని వెబ్ మొత్తం మాయమైపోయేది.

ఈనాడు వెబ్‌సైట్లు కోట్ల సంఖ్యలో ఉన్నాయి. అయినా ఆ చీటీలోని సత్యం మాత్రం మారలేదు. వెబ్‌సైటు గాలిలో ఉండదు. ఎక్కడో ఒకచోట నిజమైన యంత్రంలో, నిజమైన డిస్కుమీద ఉంటుంది. ఆ యంత్రం రాత్రింబవళ్లు మేలుకొని ఉండాలి. అలాంటి యంత్రంలో మన వెబ్‌సైటుకు చోటు అద్దెకు ఇవ్వడాన్నే 'హోస్టింగు' అంటారు. ఇంటికి వచ్చిన అతిథికి ఆతిథ్యం ఇచ్చేవాడు హోస్టు కదా, అలాగే ఇదీను.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆత్రేయపురంలో ఒక కుటుంబం పూతరేకులు చేసి అమ్ముతున్నదనుకోండి. బోర్లించిన కుండమీద పల్చని బియ్యప్పిండి జాలుతో రేకు తీయడం వారికి వెన్నతో పెట్టిన విద్య. ఇప్పుడు హైదరాబాదు నుంచీ, అమెరికాలో ఉన్న తెలుగువారి నుంచీ ఆర్డర్లు తీసుకోవడానికి ఒక వెబ్‌సైటు పెట్టాలనుకున్నారు. హోస్టింగు ఇచ్చే సంస్థలు వందలాది ఉన్నాయి. అన్నీ తామే గొప్ప అంటాయి. మరి ఎలా ఎంచుకోవాలి? ఇందుకు కావలసింది మీకు తెలిసిన గుణకారం, భాగహారం, శాతాలు, కాస్త కాంతి వేగం. అంతే!

ఇంట్లోనే పెట్టుకోకూడదా?

పెట్టుకోవచ్చు. కానీ కరెంటు పోతే దుకాణం మూతపడుతుంది. పైగా ఇంటి ఇంటర్నెట్‌కు ఇచ్చే అంకెల చిరునామా అప్పుడప్పుడు మారుతూ ఉంటుంది. చిరునామా మారితే గిరాకీ దారి తప్పుతుంది.

అందుకే సర్వర్లను డేటా సెంటర్ అనే ప్రత్యేకమైన భవనాల్లో ఉంచుతారు. అక్కడ కరెంటు పోయిన క్షణంలోనే బ్యాటరీలు అందుకుంటాయి. ఆ తరువాత డీజిలు జనరేటర్లు మొదలవుతాయి. కంప్యూటరు వాడుకున్న విద్యుత్తు దాదాపు అంతా చివరికి వేడిగా మారుతుంది కనుక చల్లబరిచే యంత్రాలు నిరంతరం పనిచేస్తాయి. ఒక కేబులు తెగినా పని ఆగకుండా రెండో దారి ఉంటుంది.

సత్రం, వాటా, విడి ఇల్లు

అద్దె ఇళ్లలో రకాలున్నట్టే హోస్టింగులోనూ ఉన్నాయి.

మొదటిది సత్రం వంటిది. ఒకే సర్వరులో వందలాది వెబ్‌సైట్లు కలిసి ఉంటాయి. అద్దె చాలా తక్కువ. కానీ పక్కవాడు బావిలో నీళ్లన్నీ తోడేస్తే మనకు కరువే. ఒక వెబ్‌సైటుకు జనం పోటెత్తితే మిగతావి నెమ్మదిస్తాయి.

రెండోది వాటా. ఒకే యంత్రాన్ని ప్రత్యేకమైన ప్రోగ్రాముతో గోడలు కట్టినట్టు విడదీస్తారు. ఎవరి జ్ఞాపకశక్తి, ఎవరి డిస్కు వారికి వేరుగా ఉంటాయి. అయితే ఇల్లు ఊడ్చుకునే పని మనదే. అంటే ప్రోగ్రాములను తాజాగా ఉంచడం, దొంగలు రాకుండా చూసుకోవడం తెలిసినవారు కావాలి.

మూడోది విడి ఇల్లు. సర్వరు మొత్తం మనదే. అద్దె ఎక్కువ.

నాలుగోది 'క్లౌడ్'. పేరుకు మేఘమే గాని ఇదీ నేలమీది యంత్రాల సమూహమే. పెళ్లికి షామియానా, గుండిగలు అద్దెకు తెచ్చి, పెళ్లి కాగానే తిరిగి ఇచ్చేస్తాం కదా! అలాగే అవసరమైనప్పుడు ఎక్కువ యంత్రశక్తి తీసుకొని తరువాత వదిలేయవచ్చు. వాడినంతకు చెల్లించాలి. లెక్క చూసుకోకపోతే బిల్లు పెరిగిపోతుంది.

ఎంత చోటు కావాలి?

మన దుకాణానికి 40 ఫోటోలున్నాయనుకుందాం. ఫోనుతో తీసిన ఫోటో ఒక్కొక్కటి 4 మెగాబైట్లు ఉంటే మొత్తం 160 మెగాబైట్లు. అదే ఫోటోను ఫోను తెరమీద చూడటానికి చాలినంతకు కుదిస్తే సుమారు 200 కిలోబైట్లకు వస్తుంది. అప్పుడు మొత్తం 8 మెగాబైట్లే!

చోటు ఒక్కటే కాదు, రవాణా కూడా చూడాలి. ఒక పేజీలో 10 ఫోటోలుంటే, కుదించాక పేజీ బరువు 2 మెగాబైట్లు. రోజుకు 100 మంది వచ్చి తలా 4 పేజీలు చూస్తే: 100 × 4 × 2 = 800 మెగాబైట్లు. నెలకు 24,000 మెగాబైట్లు, అంటే 24 గిగాబైట్లు. ఫోటోలు కుదించకపోతే? పేజీ 40 మెగాబైట్లవుతుంది, నెలకు 480 గిగాబైట్లు! చూశారా, పెద్ద సర్వరు కొనడం కన్నా ఫోటో కుదించడం ఎంత చవకో.

ఇంకొక తేడా కూడా గమనించాలి. అందరికీ ఒకే రకంగా కనిపించే పేజీని పంపడం సీసాలోంచి లడ్డు తీసి ఇవ్వడం వంటిది. ఆర్డరును బట్టి తయారుచేసే పేజీ అప్పటికప్పుడు పెనంమీద దోసె పోయడం వంటిది. అలాంటి పేజీ తయారీకి సెకనులో అయిదో వంతు పడుతుందనుకుందాం. పెనం ఒక్కటే ఉంటే సెకనుకు 5 దోసెలు. సంక్రాంతి ముందు ఒకే సెకనులో 50 మంది వస్తే చివరివాడు 10 సెకన్లు ఆగాలి. అంతసేపు ఎవరు ఆగుతారు? పక్క దుకాణానికి పోతారు. కాబట్టి మామూలు రోజు గిరాకీని చూసి కాదు, పండుగనాటి గిరాకీని చూసి ఇల్లు ఎంచుకోవాలి.

దూరం కూడా ముఖ్యమే

ఇంటర్నెట్ సమాచారం గాజు తంతువులలో కాంతిగా ప్రయాణిస్తుంది. శూన్యంలో కాంతి వేగం సెకనుకు సుమారు 3 లక్షల కి.మీ. గాజులో అది సుమారు 2 లక్షల కి.మీ.కు తగ్గుతుంది. గాజు వక్రీభవన గుణకం సుమారు 1.5 అని మీరు చదువుకున్నారు కదా, కారణం అదే.

హైదరాబాదులోని కొనుగోలుదారుకు అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం సుమారు 13,000 కి.మీ. దూరం. కాంతి వెళ్లడానికి 0.065 సెకను, వెళ్లి రావడానికి 0.13 సెకను. అయితే ఒక్కసారి వెళ్లివస్తే చాలదు. "ఉన్నావా?" అని పలకరించడానికి ఒకసారి, రహస్య లిపి కుదుర్చుకోవడానికి ఒకసారి, పేజీ అడగడానికి ఒకసారి, మొత్తం కనీసం మూడుసార్లు. అంటే 0.39 సెకను. సర్వరు 600 కి.మీ. దూరంలోని ముంబయిలో ఉంటే ఇదే పనికి 0.018 సెకను చాలు. సముద్రగర్భ కేబుళ్లు తిన్నగా వెళ్లవు, దారిలో యంత్రాలు కొంత కాలం తీసుకుంటాయి. కనుక అసలు తేడా ఇంకా ఎక్కువే ఉంటుంది.

అందువల్ల సర్వరు ఏ ఊళ్లో ఉందో అడగాలి. గిరాకీ ఎక్కడ ఎక్కువో అక్కడికి దగ్గరగా ఉండాలి. మన దేశంలో ఇప్పుడు ఇందుకు కొదవలేదు. ఉదాహరణకు అమెజాన్ సంస్థ తన క్లౌడ్ కేంద్రాలను 2016లో ముంబయిలో, 2022లో హైదరాబాదులో ప్రారంభించింది. అమెరికాలోని కొనుగోలుదారుల కోసం ఫోటోల నకళ్లను అక్కడి నగరాలలో ఉంచే ఏర్పాటు కూడా ఉంటుంది.

తొమ్మిదుల లెక్క

"మా సర్వర్లు 99 శాతం కాలం పనిచేస్తాయి" అని ఒక సంస్థ అంటుంది. పరీక్షలో 99 మార్కులొస్తే గొప్పే. మరి సర్వరుకు? సంవత్సరానికి 365 × 24 = 8,760 గంటలు. అందులో ఒక శాతం 87.6 గంటలు, అంటే మూడున్నర రోజులకు పైగా దుకాణం మూత! 99.9 శాతమైతే 8 గంటల 45 నిమిషాలు. 99.99 శాతమైతే సుమారు 53 నిమిషాలు. ఒక్క తొమ్మిది చేరితే మూతపడే కాలం పదోవంతుకు తగ్గుతుంది.

మాట తప్పితే ఏమిస్తారో కూడా చదవాలి. సాధారణంగా అద్దెలో కొంత తగ్గిస్తారు. అంతేగాని పోయిన బేరాన్ని తెచ్చి ఇవ్వరు.

నిప్పు నేర్పిన పాఠం

2021 మార్చి 10న అర్ధరాత్రి దాటాక ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో, ఓవీహెచ్ క్లౌడ్ అనే పెద్ద హోస్టింగు సంస్థ ఆవరణలో నిప్పంటుకుంది. ఒక డేటా సెంటర్ భవనం పూర్తిగా కాలిపోయింది. పక్క భవనంలో కొంత భాగం దెబ్బతిన్నది. మిగిలినవాటికి విద్యుత్తు ఆపేశారు. అదృష్టవశాత్తూ ఎవరికీ గాయాలు కాలేదు. కానీ 36 లక్షల వెబ్‌సైట్లు ఆగిపోయాయని నెట్‌క్రాఫ్ట్ అనే సంస్థ లెక్కకట్టింది.

ఆగినవాటిలో చాలావరకు తిరిగి లేచాయి. వేరేచోట నకలు దాచుకున్నవారు కొత్త సర్వరులో మళ్లీ దుకాణం తెరిచారు. నకలు లేనివారు, నకలు కూడా అదే ఆవరణలో ఉంచినవారు శాశ్వతంగా నష్టపోయారు. ఇల్లూ, ఇనప్పెట్టె ఒకేచోట కాలిపోతే ఇక మిగిలేదేమిటి?

అందుకే కంప్యూటరు నిపుణులు 'మూడు-రెండు-ఒకటి' అనే సూత్రం చెబుతారు. సమాచారానికి మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల సాధనాలలో ఉండాలి. అందులో ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. మన పూతరేకుల దుకాణానికి ఇది కష్టమేమీ కాదు. వారానికొకసారి ఫైళ్లనూ, ఆర్డర్ల పట్టికనూ ఇంటి కంప్యూటరులోకి దింపుకుంటే చాలా ధీమా. ఆ నకలు సరిగా తెరుచుకుంటున్నదో లేదో అప్పుడప్పుడు పరీక్షించాలి.

పేరు ఎవరి పేరున ఉంది?

వెబ్‌సైటు పేరు వేరు, దాని ఇల్లు వేరు. పేరును అంకెల చిరునామాగా మార్చే వ్యవస్థను 1983లో పాల్ మోకపెట్రిస్ రూపొందించాడు. దీనివల్ల గొప్ప సౌకర్యం ఏమిటంటే, ఇల్లు మారినా పేరు మారనక్కరలేదు. పాత ఇల్లు నచ్చకపోతే ఫైళ్లు కొత్త ఇంట్లో పెట్టి, పేరును కొత్త చిరునామాకు తిప్పితే సరి.

కానీ పేరు మన చేతిలో ఉండాలి. వెబ్‌సైటు తయారుచేసిన వ్యక్తి పేరును తన పేరున నమోదు చేసుకుంటే, రేపు తగవు వస్తే దుకాణం బోర్డు అతని దగ్గరే ఉండిపోతుంది. పేరుకు గడువు కూడా ఉంటుంది. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ అంతటి సంస్థ తన పేర్లలో ఒకదానికి 35 డాలర్ల రుసుము కట్టడం మరిచిపోయింది. దానితో హాట్‌మెయిల్ వాడేవారికి ఇబ్బంది కలిగింది. చివరికి ఒక ప్రోగ్రామరు ఆ డబ్బు తానే కట్టాడు!

ధర చూసేటప్పుడు

మొదటి సంవత్సరం నెలకు 99 రూపాయలు, తరువాత 299 రూపాయలు అని ఉందనుకుందాం. మూడేళ్లకు లెక్కేయండి. 99 × 12 = 1,188. 299 × 24 = 7,176. మొత్తం 8,364 రూపాయలు. నెలకు సగటున 232 రూపాయలు పైనే. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించేది మాత్రం 99.

'అపరిమితమైన చోటు' అంటే నమ్మకండి. అపరిమితమైన డిస్కును ఇంతవరకు ఎవరూ తయారుచేయలేదు. పరిమితి చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది. ఉచితమైన ఇల్లయితే ఏ రోజైనా ఖాళీ చేయమనవచ్చు. ఎంతోమందికి ఉచితంగా చోటు ఇచ్చిన జియోసిటీస్‌ను యాహూ సంస్థ 1999లో కొని, 2009లో మూసివేసింది. ఇక రహస్య లిపికి కావలసిన ధ్రువపత్రాన్ని లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్షలేని ఏర్పాటు 2015 నుంచి ఉచితంగా ఇస్తున్నది. దానికి వేరే డబ్బు అడిగితే ఎందుకని ప్రశ్నించండి.

మీ ఇంట్లోగాని, ఇరుగుపొరుగున గాని ఎవరైనా వ్యాపారానికి వెబ్‌సైటు పెట్టబోతుంటే ఈ ప్రశ్నలు రాసి ఇవ్వండి. సర్వరు ఏ ఊళ్లో ఉంది? ఏడాదికి ఎన్ని గంటలు ఆగవచ్చు? నకలు ఎక్కడ, ఎన్నాళ్లకొకసారి తీస్తారు? నేను వెళ్లిపోతానంటే నా ఫైళ్లన్నీ ఇస్తారా? పేరు ఎవరి పేరున ఉంటుంది? రెండో ఏడాది అద్దె ఎంత? వీటికి సూటిగా జవాబు చెప్పేవాడే మంచి ఇంటి యజమాని. అతడు ఎంత మంచివాడైనా సరే, పేరూ నకలూ మన దగ్గరే ఉండాలి.

మీరే చేసి చూడండి

మీ పాఠశాల కంప్యూటరు గదిలో ఉపాధ్యాయుల అనుమతితో 'పింగ్' అనే ఆదేశం వాడండి. పింగ్ అని టైపుచేసి, ఖాళీ వదిలి, ఏదైనా వెబ్‌సైటు పేరు ఇవ్వండి. సర్వరును పలకరించి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో కనిపిస్తుంది. కొన్ని సర్వర్లు బదులివ్వవు. అప్పుడు ఇంకొకటి ప్రయత్నించండి.

గాజులో కాంతి మిల్లీసెకనుకు 200 కి.మీ. వెళుతుంది. వెళ్లిరావాలి కనుక దూరం అందులో సగం. కాబట్టి వచ్చిన అంకెను 100తో గుణించండి. 40 మిల్లీసెకన్లు వస్తే ఆ యంత్రం మీకు 4,000 కి.మీ. కన్నా దూరంలో ఉండే అవకాశమే లేదు. గదిలోంచి కదలకుండానే యంత్రం ఎంత దూరంలోపు ఉందో తేల్చారన్నమాట!

చివరగా ఒక ప్రశ్న. అమెరికాలోని ఒక సంస్థ వెబ్‌సైటును పింగ్ చేస్తే 5 మిల్లీసెకన్లే వచ్చింది. కాంతి అంతకన్నా వేగంగా పోలేదు. మరి మీకు బదులిచ్చిన యంత్రం ఎక్కడుంది?