గడియారం చూసి తినాలి

ఆలేరులో ఎవరికైనా కడుపు క్యాన్సరని తేలితే పట్నం దారి పట్టాల్సిందే. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆస్పత్రి, పంజాగుట్టలోని నిమ్స్, ఈమధ్య వరంగల్ రోడ్డు మీదే వెలిసిన బీబీనగర్ ఎయిమ్స్. ఆరోగ్యశ్రీ కార్డుంటే కడుపు తీసేసే ఆపరేషన్ ఖర్చు చాలావరకు గట్టెక్కుతుంది. కుట్లు మానాక మనిషి ఇంటికొస్తాడు. అప్పట్నుంచి అతని బాగోగులు సర్జన్ చేతిలో కన్నా వంటింట్లోనే ఎక్కువ. జబ్బుమనిషి తిండి గురించి మన ఇళ్ళలో ఒక పాత పద్ధతి ఉంది: ఆకలైతే తనే అడుగుతాడు, బలవంతం చేయొద్దు. నాలుగు రోజుల జ్వరానికి అది సరిపోతుంది. కడుపు తీసేసిన మనిషి విషయంలో మాత్రం ఆ మాట నమ్మితే ముప్పే.

ఎందుకంటే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది కడుపులోనే. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా బృందం దీన్ని కనిపెట్టింది. కడుపు మొత్తం తీసేస్తే రక్తంలో గ్రెలిన్ బాగా పడిపోతుంది. ఒంటికి తిండి కావాలి, కానీ ఆ కబురు అందదు. అందుకే ఆపరేషన్ తర్వాత మొదటి కొన్ని నెలల్లో బరువులో పది నుంచి ఇరవై శాతం దాకా కరిగిపోవడం మామూలు. అరవై కిలోల మనిషి యాభైకి దిగడమన్నమాట. అడిగినప్పుడు పెడదామని కూర్చుంటే అతను అడగడు. మాత్రలు వేసినట్టే టైము ప్రకారం పెట్టాలి.

జబ్బే పోయింది కదా, బరువు తగ్గితే ఏమైందని అడగొచ్చు. చాలామందికి ఆపరేషన్‌తో వైద్యం అయిపోదు, కీమో మిగిలి ఉంటుంది. బ్రిటన్‌లో జరిగి 2006లో వెలువడిన మ్యాజిక్ పరిశీలనలో ఆపరేషన్‌కు ముందూ తర్వాతా కీమో ఇచ్చినవాళ్ళలో ఐదేళ్ళు బతికినవాళ్ళు 36 శాతం, ఆపరేషన్ ఒక్కటే చేసినవాళ్ళలో 23 శాతం. కానీ అన్ని విడతలూ పూర్తి చేయగలిగినవాళ్ళు సగం కూడా లేరు. 2019లో వచ్చిన జర్మనీ పరిశీలనలో, ఇంకా మంచి మందులతో కూడా, అదే పరిస్థితి. జపాన్ డాక్టర్లు మరో సంగతి గమనించారు: ఆపరేషన్ తర్వాత నెల తిరక్కుండా పదిహేను శాతం బరువు కోల్పోయినవాళ్ళే కీమో మాత్రలు మధ్యలో ఎక్కువగా ఆపేశారు. జబ్బు ముదరడం వల్లే రెండూ జరిగి ఉండొచ్చు కదా అంటే, ఆ అనుమానం సబబైనదే. బరువు నిలబెడితే చాలు కీమో సాగిపోతుందని ఎవరూ పూచీ పడలేరు. కాకపోతే ఈ లెక్కలో ఇంట్లోవాళ్ళ చేతిలో ఉన్నది తిండి ఒక్కటే.

ఆ తిండి ఎలా ఉండాలన్న దగ్గరే మన ప్రేమ దారి తప్పుతుంది. తిన్నదాన్ని దాచుకుని కొంచెం కొంచెంగా పేగులోకి వదిలే గాదె లాంటిది కడుపు. అది లేకపోతే తిన్నది నేరుగా చిన్నపేగులో పడుతుంది. అందులో తీపి ఎక్కువుంటే పావుగంట, అరగంటలో చెమటలు, గుండె దడ, కడుపులో మెలిపెట్టడం. మరికొందరికి రెండు గంటల తర్వాత షుగర్ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. దీన్నే డంపింగ్ అంటారు. చూడవచ్చిన చుట్టాలు తెచ్చే గ్లూకోజు పొడి, పండ్ల రసాలు, చక్కెర వేసిన సగ్గుబియ్యం జావ సరిగ్గా ఈ బాపతువే. పలుచటి జావకు ఇంకో ఇబ్బంది ఉంది: ఉన్న కాస్త చోటునూ నీళ్ళే నింపేస్తాయి. రోజుకు ఆరేడుసార్లు, కొద్దికొద్దిగా, బాగా నమిలి తినాలి. నీళ్ళు తిండితో కాకుండా అరగంట ఎడంగా తాగాలి. యాభై కిలోల మనిషికి రోజుకు 1250 నుంచి 1500 కేలరీలు, 50 నుంచి 75 గ్రాముల ప్రోటీన్ కావాలి. మెత్తటి పప్పన్నం, గుడ్డు, పెరుగు, చేప, పల్లీల పొడి కలిపిన చిక్కటి రాగిజావ, ఇలా ప్రతి ముద్దలోనూ సత్తువ ఉంటేనే ఆ లెక్క తేలుతుంది.

గుడ్డు, మాంసం తింటే పుండు చీము పడుతుందని పత్యం పెట్టే పెద్దవాళ్ళుంటారు. పుండు మానడానికి కావాల్సిన ప్రోటీనే వాటిలో ఉందని వాళ్ళకు ఓపికగా చెప్పాలి. తింటే గడ్డ మళ్ళీ పెరుగుతుందన్న భయమూ ఉంది. మనిషిని మాడిస్తే క్యాన్సర్ మాడుతుందనడానికి ఆధారం లేదు, మాడేది కండ. యాదగిరిగుట్ట నర్సింహస్వామికి మొక్కుకుని ఒక్కపొద్దు ఉండేవాళ్ళు ఉండొచ్చు, పేషెంటు మాత్రం ఉండకూడదు. నీరసమనగానే ఆర్ఎంపీ డాక్టర్‌తో గ్లూకోజు ఎక్కించే అలవాటు సంగతీ చూద్దాం. అయిదు శాతం గ్లూకోజు అరలీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే వంద కేలరీలు, ప్రోటీన్ సున్నా. రెండు ఉడికించిన గుడ్లలో అంతకన్నా ఎక్కువ కేలరీలు, పన్నెండు గ్రాముల ప్రోటీన్ ఉంటాయి. ఒళ్ళు ఎండిపోయేలా వాంతులో విరేచనాలో అయితే సెలైన్ అవసరమే, ఆహారంగా మాత్రం అది పనికిరాదు.

ఇదంతా డబ్బున్నవాళ్ళ ముచ్చటంటారా? డబ్బాల్లో అమ్మే ప్రోటీన్ పొడులు ఖరీదైనవే. కానీ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పిల్లల కోసం ఏనాడో తయారుచేసిన హైదరాబాద్ మిక్స్‌లో ఉన్నది వేయించిన గోధుమలు, శనగపప్పు, పల్లీలు, బెల్లం. బెల్లం మానేసి ఆ పొడిని పాలలోనో మజ్జిగలోనో కలిపితే ఆలేరు అంగట్లో దొరికే సరుకుతోనే పని జరుగుతుంది. అయినా కూలి పోయిన ఇంటికి అదీ బరువే. టీబీ రోగుల తిండికి కేంద్రం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చింది, 2024 నవంబరులో దాన్ని వెయ్యి చేసింది. తిండి కూడా వైద్యమేనని అక్కడ ఒప్పుకున్నప్పుడు, కడుపు కోసిన మనిషి దగ్గర ఎందుకు ఒప్పుకోకూడదు?

తిండి కాక, ఎక్కువమంది మర్చిపోయేది బీ12 విటమిన్ సంగతి. అది ఒంటికి పట్టాలంటే కడుపు గోడల్లోంచి ఊరే ఒక ప్రోటీన్ కావాలి. కడుపు మొత్తం పోతే అదీ పోతుంది. కాలేయంలో నిల్వ ఉన్నది కొన్నేళ్ళు నడిపిస్తుంది కాబట్టి మొదట్లో ఏమీ తెలియదు. మనిషి కోలుకుని, పట్నం చెకప్‌లు తగ్గిపోయిన రోజుల్లోనే రక్తహీనత, కాళ్ళ తిమ్మిర్లు మొదలవుతాయి. దానికి డాక్టర్ రాసిన ప్రకారం ఇంజెక్షన్ జన్మంతా వేయించుకోవాలి, డిశ్చార్జి కాగితం జాగ్రత్తగా ఉంచుకుంటే ఊళ్ళోని నర్సు చేతనైనా వేయించుకోవచ్చు.