తేదీ పని – పదును పని: సెల్‌ఫోనులో రైతు పనుల పట్టీ

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల మెట్టరైతునకు ఏ పని ఎప్పుడు చేయవలయునో ఇంకొకరు చెప్పనక్కరలేదు. రోహిణిలో దుక్కి, మృగశిర ఆరుద్రలలో పత్తివిత్తనము, పునర్వసు పుష్యములలో మిరపనారు అని అతనికి కంఠపాఠము. సంవత్సరమునకు 27 కార్తెలు; ఒక్కొక్కటి 13 లేక 14 దినములు. కాగితము లేకయే మన పెద్దలు నడపిన పనుల పట్టీ ఇదియే. ఇట్టి రైతునకు సెల్‌ఫోనులో పట్టీ వ్రాసికొమ్మని చెప్పుట చేపపిల్లకు ఈత నేర్పుట కాదా యని కొందరు నన్నడిగిరి. సమాధానము చెప్పుటకు ముందు, నా వలన జరిగిన యొక పొరపాటును చెప్పుకొనెదను.

తొమ్మిది దినముల వెల

నందిగామకు సమీపమున నొక గ్రామములో ఏడెకరముల నల్లరేగడి గల రైతుగారొకరు కలరు. పత్తిసేద్యమున ఆయనను మించినవారు ఆ చుట్టుపట్ల అరుదు. ఆయన సంఘమున 1,50,000 రూపాయలు పంటరుణము తీసికొనియుండెను. పంటరుణమునకు వడ్డీ నూటికి 7 రూపాయలు. గడువులోగా చెల్లించినవారికి కేంద్రప్రభుత్వపు రాయితీ 3 రూపాయలు పోగా 4 రూపాయలే పడును. గడువు దగ్గరపడినపుడు ఒక మాట జ్ఞాపకము చేయుడని ఆయన నాతో చెప్పెను. నేను సరేయని యొక చీటీపై వ్రాసి చొక్కాజేబులో నుంచితిని. చొక్కా ఉతికిననాడు ఆ చీటీయు నీళ్లలో నానిపోయినది.

పత్తి యమ్మిన సొమ్ము ఆయన ఇంటనే యున్నది. గడువు దాటిన తొమ్మిదవనాడు ఆయన సంఘమునకు పోయెను. 6,000 రూపాయలు కావలసిన వడ్డీ 10,500 రూపాయలైనది. ఆ భేదము 4,500 రూపాయలను కుమార్తె హాస్టలు రుసుమునకై దాచిన సొమ్మునుండి తీసి చెల్లించెను. ఆయన నన్నొక్క మాటయు ననలేదు. “వాన మాట నేనెన్నడును మరువలేదు గదా అయ్యా! తేదీ మాటయే మరచితిని” అని మాత్రమనెను.

ఆ మాటలోనే నా సమాధానమున్నది. రైతు పనులు రెండు తెగలు. మొదటిది పదును పని. దానికి వాన, నేల తడి, మొక్క వయస్సు, పురుగు జాడ గుర్తులు. దానిని కార్తెయు, కన్నును చెప్పును. రెండవది తేదీ పని. బాకీ గడువు, బీమా, పంట నమోదు, పిల్లల రుసుము ఇట్టివి. వీనికి ఆకాశమున గుర్తు లేదు. మన పెద్దల కాలమున ఇవి కొలదిగా నుండెను. ఇప్పుడు ఏటేట పెరుగుచున్నవి. ఫోనులోని పట్టీ ముఖ్యముగా ఈ రెండవ తెగకొఱకే.

మరచుట చేతకానితనము కాదు

మరచినంతమాత్రమున ఎవరును సిగ్గుపడనక్కరలేదు. 1935 అక్టోబరు 30వ తేదీన అమెరికాలోని డేటన్ నగరము చెంత బోయింగ్ కంపెనీవారి నాలుగు ఇంజనుల క్రొత్త విమానమొకటి, పైకెగసిన కొలదిసేపటికే కూలిపోయెను. నడపినవాడు ఆరితేరినవాడు. నేలపై నున్నపుడు గాలికి తోకరెక్క కదలకుండ వేసిన గడియను తీయుట మరచుటయే కారణమని తేలినది. అటుపిమ్మట అక్కడివారు వైమానికులకు ఇంకను ఎక్కువ నేర్పవలెనని తలపక, చేయవలసిన పనుల వరుసను ఒక చిన్న అట్టపై వ్రాసి చేతికిచ్చిరి. పట్టీ తెలివిలేనివానికి గాదు. అనేకమైన పనులు తలపై నున్నవానికి.

మొదటి ఏట మేము చెడిన విధము

ఇట్టి పట్టీలు నడపు యాప్‌లు పెక్కు గలవు. టుడూయిస్ట్ 2007లోను, ట్రెల్లో 2011లోను, గూగుల్ కీప్ 2013లోను బయలుదేరినవి. ఆంగ్లము రాదని వెనుదీయ నక్కరలేదు. 2017 నుండి గూగుల్ వారి కీలకపలకలో తెలుగున నోటితో చెప్పినచో ఫోనే వ్రాసికొనుచున్నది.

నేనును నలుగురు రైతులును కలిసి ఒక తొలకరిలో దీనిని మొదలుపెట్టితిమి. ఉత్సాహముకొలది దుక్కి మొదలు కట్టె పీకువరకు ఒక్కొక్కరు 60కి పైగా పనులను తేదీలతో సహా వ్రాసితిమి. ఏమి జరిగినది? ధారగా వాన కురియుచుండగా “నేడు గుంటక తోలింపుము” అని ఫోను మ్రోగెను. ఎడమ కాలువలో నీరు లేనినాడు “నీరు పెట్టుము” అని మ్రోగెను. దసరా నాటికి అందరమును ఆ గంటను నొక్కివేసితిమి. పనికిమాలిన గంటలతోపాటు పనికివచ్చు గంటలును మూగవోయినవి.

లోపము యాప్‌లోది గాదు. అవి కార్యాలయములలో పనిచేయువారికై పుట్టినవి. వారికి సోమవారము రాకమానదు. మనకు వాన రాకపోవచ్చును. ఈ భేదమును గుర్తించి పట్టీని మార్చుకొన్న పిమ్మట పని సుగమమైనది. మాకు కుదిరిన పద్ధతి యిది.

1. తేదీ పనులను సంవత్సరారంభముననే వ్రాయవలెను. రుణపు గడువు, రైతుసేవాకేంద్రమున ఈ-క్రాప్ నమోదు, బీమా చేరిక, పిల్లల పరీక్ష రుసుము మొదలగునవి. ఒక్కొక్కదానికి రెండు గంటలు పెట్టవలెను: 15 దినములకు ముందొకటి, 3 దినములకు ముందొకటి. మొదటిది సొమ్ము కూర్చుకొనుటకు, రెండవది బయలుదేరుటకు.

2. పదును పనులకు ముందుగా తేదీ వేయరాదు. పత్తి విత్తిన నాటి సాయంకాలముననే లెక్కించి, 30, 60, 90 దినములకు నత్రజని యెరువులును, 45వ దినమునకు గులాబిరంగు పురుగునకై లింగాకర్షక బుట్టలును వ్రాయవలెను. ఆనాటికి నేలలో పదును లేనిచో ఆ పనిని కొట్టివేయక ముందునకు జరుపవలెను.

3. చేని చూపును వారమునకొకసారి మరల మరల వచ్చునట్లు పెట్టవలెను. 2021లో మిరపతోటలను నల్ల తామరపురుగు పాడుచేసినది అందరకును జ్ఞాపకమే. పూవులో పురుగును మొదటి వారమున చూచుటకును మూడవ వారమున చూచుటకును నడుమ తోటయే పోవచ్చును. కనిపించినదానిని ఫోటో తీసినచో గరికపాడు కృషివిజ్ఞానకేంద్రము వారికి చూపుటకును వీలగును.

4. నష్టము కలిగినపుడు చేయవలసిన పనిని పట్టీ మొదటనే శాశ్వతముగా నుంచవలెను. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరము వద్ద జాతీయరహదారిపై నీరు పారినది. అట్టి సమయమున మనస్సు నిలువదు. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో చేరిన పంటకు వడగండ్లు మొదలగు స్థానిక విపత్తులచే నష్టము కలిగినచో, 72 గంటలలోగా తెలుపవలెనని నియమము. తెలుపవలసిన ఫోను నంబరును ముందే వ్రాసియుంచుట మేలు.

తేదీయు పదునును కలియుచోటు

కొన్ని పనులు రెండు తెగలకును చెందియుండును. 2025లో కాటన్ కార్పొరేషన్ వారు పత్తి కొనుగోలునకై ‘కపాస్ కిసాన్’ అను యాప్‌ను పెట్టిరి. అందు పేరు నమోదు చేసికొని, పత్తి తేవలసిన దినమును ముందుగా నిర్ణయించుకొనవలసివచ్చినది. ఇది తేదీ పని. అయితే పత్తిలో తేమ నూటికి 8 వరకున్నచో పూర్తి ధర, అటుపైని కోత, 12 మించినచో తీసికొనరు. ఇది పదును పని. 2025–26లో పొడవుపింజ పత్తికి మద్దతుధర క్వింటాలునకు 8,110 రూపాయలు. నిర్ణయించుకొన్న దినమునకు పత్తి యారకున్న ఆ ధర చేతికందదు. కావున దినము నిశ్చయమైన వెంటనే “ఆరబోయుట” అను పనిని నాలుగు దినములు ముందుగా వ్రాసికొనవలెను.

ఆశయము పని గాదు

“అప్పు లేకుండవలెను”, “అమ్మాయిని చదివింపవలెను” అని పట్టీలో వ్రాసినవారిని చూచితిని. అవి ఏండ్లతరబడి అట్లే యుండును. చూచినకొలది మనస్సు క్రుంగును. ఆశయమును విడిగా నొకచోట వ్రాసి, దానికై ఈ వారము చేయదగిన యొక్క పనిని మాత్రము పట్టీలో చేర్చవలెను. అప్పు తీర్చుటకు మొదటి పని సొమ్ము తెచ్చుట గాదు. భార్యాభర్తలు కూర్చుండి ఎవరికెంత, ఏ వడ్డీకి, ఎన్నడు అని యొక కాగితముపై వ్రాయుట. అది ఒక సాయంకాలపు పని. అది ముగిసిన పిమ్మట రెండవది తోచును.

ఇంటి పనులకును చేని పనులకును వేర్వేరు పట్టీలు వద్దు. రెంటికిని సంచి యొక్కటే. హాస్టలు రుసుమును, బాకీ గడువును ఒకే నెలలో పడునని ముందు తెలిసియుండినచో ఆ రైతుగారు పత్తిలో కొంతభాగమును వేరుగా నమ్మియుండెడివారు. కీప్ వంటివానిలో వ్రాసిన పట్టీని ఇంటివారితో పంచుకొనవచ్చును. ఇంటి యిల్లాలి కంటపడని పట్టీ సగము పట్టీయే.

జాగ్రత్తలు రెండు. బ్యాంకు రహస్యసంఖ్యలను పట్టీలో నెన్నడును వ్రాయరాదు. పని చేసిన పిమ్మట గుర్తు పెట్టవలెనేగాని, చేయబోవుచున్నామని ముందుగా పెట్టరాదు. ఫోను లేనివారికి గోడ పంచాంగమును, ఎర్ర పెన్సిలును చాలును. పద్ధతి ముఖ్యము, పరికరము గాదు.

దేశమందలి 63,000 ప్రాథమిక సంఘముల లెక్కలను కంప్యూటరులో నెక్కించుటకు కేంద్రమంత్రివర్గము 2022 జూను 29వ తేదీన అనుమతించినది. సంఘపు పుస్తకమున గడువు తేదీ యుండుటచేతనే సభ్యునకు లాభము లేదు. అది సభ్యుని చేతిలోనుండవలెను. ఈ నెలలో సంఘమునకు వచ్చినపుడు గుమాస్తాగారి నడిగి మీ గడువు తేదీని వ్రాసికొని పొండు.

నేను చెప్పిన రైతుగారి పట్టీలో ఇప్పుడు పదునొకండు పనులే యున్నవి. గత సంవత్సరము ఆయన గడువునకు ఆరు దినములు ముందుగనే బాకీ తీర్చి రసీదు తెచ్చి నాకు చూపెను. అమ్మాయి రుసుమునకు దాచిన సొమ్మును ముట్టనక్కరలేకపోయినది.