పస్తు ముందా, మనసు ముందా?

ఆవకాయ నూనె పాకి పెరుగన్నానికి తగిలిందంటే, మా చిన్న మనవరాలికి ఇక ముద్ద దిగదు. కంచం అవతలికి నెట్టేస్తుంది. "దీని చాదస్తం ముదిరి, అనొరెక్సియా అంటారే, అందులోకి దిగదు కదా తాతయ్యా?" అంది ఇంటర్ చదువుతున్న దాని అక్క, సగం ఎకసెక్కంగా, సగం భయంగా. పసిపిల్లలకి ఇలాంటి పేచీలు మామూలే, కంగారు పడకమ్మా అన్నాను. కానీ ప్రశ్నలో పస ఉంది.

అనొరెక్సియా నెర్వోసా అనే ఈ జబ్బు పేరును 1873లో వాడుకలోకి తెచ్చినవాడు లండన్ వైద్యుడు విలియం గల్. గ్రీకులో అనొరెక్సియా అంటే ఆకలి లేకపోవడం అని అర్థం. అసలు పేరులోనే పొరపాటు ఉంది. చాలామందికి ఆకలి వేస్తూనే ఉంటుంది, తినడానికి మనసు ఒప్పదు. ఒళ్లొస్తుందేమోనన్న భయంతో, ఎముకలు తేలినా తిండి తగ్గించుకుంటూ పోతారు. ఎక్కువగా పదిహేనూ పదహారేళ్ల ఆడపిల్లల్లో కనిపిస్తుంది కాబట్టి, ఇదంతా అద్దం తెచ్చిన తంటా అనుకున్నారు జనం.

1983లో స్వీడన్ వైద్యుడు క్రిస్టఫర్ గిల్‌బర్గ్‌కి మరో అనుమానం వచ్చింది. ఈ జబ్బుకీ ఆటిజానికీ చుట్టరికం ఏమైనా ఉందా అని. పట్టుకున్న పనిని వదలకపోవడం, రోజూ ఒకే పద్ధతి, అంకెల మీద గురి, నలుగురిలో కలవలేకపోవడం రెండు చోట్లా కనిపిస్తున్నాయి మరి. 2013లో కేంబ్రిడ్జ్‌లో సైమన్ బేరన్-కోహెన్ బృందం 12 నుంచి 18 ఏళ్ల లోపు, అనొరెక్సియా ఉన్న 66 మంది అమ్మాయిలకు ప్రశ్నపత్రాలిచ్చి, 1,600 మందికి పైగా మామూలు పిల్లలతో పోల్చింది. ఆటిజం ఉందని ఎవరూ తేల్చని పిల్లలే అయినా, ఆ లక్షణాల్లో వాళ్లకి మార్కులు ఎక్కువే వచ్చాయి.

"అయితే తేలిపోయిందిగా!" అంది మనవరాలు.

ఆగు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, ముందుకొచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు నెలలు అర్ధాకలితో ఉంచాడు. స్నేహితులతో నవ్వుతూ తుళ్లుతూ ఉండే కుర్రాళ్లు ముడుచుకుపోయారు. మాటలు తగ్గాయి. ఎంతసేపూ తిండి గురించే ధ్యాస. కొందరైతే వంటల పుస్తకాలు పోగేసుకుని కూర్చున్నారు. అంటే పస్తే మనిషిని అలా మార్చేస్తుందన్నమాట. మరి కేంబ్రిడ్జ్ అమ్మాయిల్లో కనిపించింది పుట్టుకతో వచ్చిన తీరా, పస్తు తెచ్చిన తీరా? చెట్టు ముందా, విత్తు ముందా?

జబ్బు వచ్చాక పిల్లల్ని చూస్తే ఈ ముడి విడదు. జబ్బు రాకముందు నుంచీ చూస్తూ రావాలి. అదృష్టంకొద్దీ ఇంగ్లండులోని బ్రిస్టల్ ప్రాంతంలో 1990ల మొదట్లో పుట్టిన వేలాది పిల్లల్ని కడుపులో ఉన్నప్పటి నుంచీ గమనిస్తూ వస్తున్నారు. ఆ లెక్కల్లో అయిదు వేలకు పైగా పిల్లలవి లండన్ పరిశోధకులు తిరగేసి, 2020లో ఫలితం ప్రకటించారు. పధ్నాలుగో ఏట పస్తులుండటం, తిన్నది కక్కేయడం లాంటివి చేసిన పిల్లల్లో, ఆటిజం లక్షణాలు ఏడో ఏటికే కాస్త ఎక్కువగా ఉన్నాయి. తిండి గొడవ మొదలయ్యాక అవి పెరిగిన జాడ లేదు. విత్తు వైపే మొగ్గు అన్నమాట. అలాగని ప్రతి విత్తూ మొలకెత్తదు. ఆ లక్షణాలున్న పిల్లల్లో చాలామంది హాయిగా తింటూ తిరుగుతుంటారు.

మరి ఆ లక్షణాల నుంచి జబ్బుకి దారి ఎలా పడుతుంది? కొందరికి లోపలి కబురు సరిగా అందదు. కడుపులో మెలిపెట్టేది ఆకలో దిగులో తేల్చుకోలేరు. కొందరికి వంకాయ జారుడు, ఇంగువ వాసన భరించలేనంత గట్టిగా తగులుతాయి. ఇంకొందరికి బడీ స్నేహాలూ అన్నీ అయోమయమైపోయి, బరువు చూసే మిషన్ మీది అంకె ఒక్కటే తమ చెప్పుచేతల్లో ఉన్నట్టనిపిస్తుంది. సన్నబడాలనే కోరిక ఏమీ లేకుండా కూడా ఈ ఊబిలో దిగినవాళ్లున్నారు. అలాంటి పిల్లకి, నువ్వు అందంగానే ఉన్నావమ్మా అని ఎన్నిసార్లు చెప్పి ఏం లాభం?

లండన్‌లో కేట్ చాంతూరియా బృందం ఇక్కడే దారి మార్చింది. వార్డు గోడలకి కళ్లకి గుచ్చుకోని రంగు వేశారు. ఘాటూ మసాలా లేని చప్పిడి తిండి పట్టిక వేరే పెట్టారు. ఏ మాట ఎలా చెబితే తనకి అర్థమవుతుందో రోగినే రాసిమ్మన్నారు. తినడం తప్పదు, అందులో రాజీ లేదు. తినడానికి అడ్డొచ్చే రాళ్లను మాత్రం ఏరేశారు.

"ఎప్పుడు భయపడాలి తాతయ్యా?"

బరువు జారుతున్నా, నెలసరి ఆగినా, కళ్లు తిరుగుతున్నా, తిండి దాచేస్తున్నా ఒక్కరోజు కూడా ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ప్రాణం మీదికి తెచ్చే జబ్బమ్మా ఇది. రెండు తగిలిస్తే అదే తింటుందనే పెద్దల మాట ఇక్కడ పనికిరాదు.

మా చిన్నదానికి ఆ జబ్బు లేదు. అయినా సాయంత్రం బజారుకెళ్లి మూడు గదుల స్టీలు కంచం ఒకటి పట్టుకొచ్చాను. రాత్రి ఆవకాయ ఒక గదిలో, పెరుగన్నం ఒక గదిలో. గొడవ లేకుండా కంచం ఖాళీ చేసి, మూడో గదిలో ఏం పెడతావు తాతయ్యా అని అడిగింది.