ఫినాఫ్తలీన్: గులాబీ రంగు చెప్పేదేంటి, చెప్పనిదేంటి

ఎపిసోడ్‌లో ఫినాఫ్తలీన్ గురించి గబగబా చెప్పేశాను. రిపేరు పనుల్లో ఉన్న మనవాళ్లకి పనికొస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నా.

పేరు కొత్తగా అనిపించినా మనకి తెలిసిన సరుకే. ఏసీబీ వాళ్లు లంచం తీసుకునేవాళ్లని పట్టుకోడానికి నోట్లకి రాసే తెల్ల పొడి ఇదే. ఆ నోట్లు పట్టుకున్న చేతులు సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకి మారతాయి. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుంది చూడండి, అలాంటిదే ఇది కూడా. క్షారం తగిలితే రంగు మారుతుంది.

దీన్ని 1871లో అడాల్ఫ్ ఫాన్ బేయర్ అనే జర్మన్ శాస్త్రవేత్త తయారుచేశాడు. పీహెచ్ సుమారు 8.2 దాకా రంగు ఉండదు. అది దాటితే గులాబీ మొదలై 10 దగ్గరికి బాగా ముదురుతుంది.

మరి కాంక్రీట్‌తో దీనికేం పని? మంచి కాంక్రీట్ పీహెచ్ 12.5 దాకా, ఒక్కోసారి ఇంకా పైన ఉంటుంది. ఆ క్షారం వల్ల లోపలి కడ్డీ మీద కంటికి కనపడని పల్చటి పొర ఏర్పడి తుప్పు పట్టనివ్వదు. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి దూరి, క్షారాన్ని తగ్గించేస్తుంది. దీన్నే కార్బొనేషన్ అంటారు. అది కడ్డీని చేరి, తేమ కూడా తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పు ఉబ్బి పైన కాంక్రీట్ పెచ్చులుగా ఊడుతుంది.

టాలట్‌లో మా రిపేరు పనుల్లో పరీక్ష ఇలా చేస్తాం. అప్పటికప్పుడు పగలగొట్టిన ముఖమే కావాలి, పాత పగులు పనికిరాదు. దుమ్ము పూర్తిగా దులపాలి, లేకపోతే లోపలి దుమ్ము అంటుకుని తప్పుడు గులాబీ చూపిస్తుంది. ఆల్కహాల్‌లో కలిపిన 1 శాతం ద్రావణం స్ప్రే చేసి, పైనుంచి రంగు రాని లోతు కొలవాలి. అది 20 మిల్లీమీటర్లు, కడ్డీ మీద కవర్ 25 అయితే ఇంకా 5 మిల్లీమీటర్లే కాపలా మిగిలిందని లెక్క.

గులాబీ వచ్చిందంటే కాంక్రీట్ బలంగా ఉన్నట్టు కాదు. బలానికి క్యూబ్ టెస్ట్, కోర్ టెస్ట్ వేరే ఉన్నాయి. ఉప్పు సంగతి కూడా ఇది చెప్పదు. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు కార్లతో పార్కింగ్‌లోకి వస్తుంది. అది లోపలికి దిగితే గులాబీగా ఉన్న కాంక్రీట్‌లో కూడా కడ్డీ తుప్పు పడుతుంది.

ఇక ముఖ్యమైన మాట. కడ్డీని కాపాడే ఆ క్షారమే మన చర్మాన్ని తినేస్తుంది. తడి సిమెంట్ బూటులోకి పోతే మొదట మంట తెలీదు, తెలిసేసరికి లోతుగా కాలిపోయి ఉంటుంది. షిఫ్ట్ అయ్యాక చూద్దాంలే అనొద్దు. వెంటనే బూటు, సాక్సు తీసేసి పారే నీళ్లతో కనీసం 20 నిమిషాలు కడగండి. పని పోతుందేమోనని దాచొద్దు, సూపర్‌వైజర్‌కి చెప్పి రాయించండి, డాక్టర్‌కి చూపించండి.

ఫినాఫ్తలీన్‌తో కూడా జాగ్రత్తే. ఒకప్పుడు విరేచనాల మందుగా అమ్మేవారు. క్యాన్సర్ భయంతో అమెరికాలో 1999లో ఆపేశారు. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా స్ప్రే చేయొద్దు. ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి దగ్గర్లో సిగరెట్, గ్రైండర్ నిప్పురవ్వలు లేకుండా చూసుకోండి.